సున్నా మీద సున్నా

టేపు పట్టుకుని బతికినదాన్ని నేను. పెళ్ళికి ముందే జాకెట్లు కుట్టడం నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక దువ్వాడలో మా ఇంటి ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని కూర్చున్నాను. నా లెక్కలో కొలతంటే అంగుళం, అరంగుళం, పావంగుళం. అంతకంటే కిందికి దిగితే అది కొలత కాదు, చాదస్తం. మా ఆయన బతుకంతా ఆ చాదస్తంలోనే గడిచింది.

ఆయన టర్నర్. ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు, అందులో ఇనుముని తిప్పుతూ టూలుతో కోసే లేత్ మిషను ఒకటి. పోర్టులో బొగ్గు మోసే బెల్టుల కింద తిరిగే షాఫ్టులు, ట్రాలీల బుష్షులు, పిన్నులు, కాంట్రాక్టర్లు ఏది తెస్తే అది కొలతకి తిప్పి ఇచ్చేవాడు. షాఫ్టు చివర బేరింగు ఎక్కుతుంది. షాఫ్టు వెంట్రుక మందం లావైతే బేరింగు ఎక్కదు, వెంట్రుక మందం సన్నమైతే లూజై, తిరిగి తిరిగి కాలిపోతుంది. ఇది ఆయన రోజూ పెరుగన్నం కలుపుకుంటూ నాకు చెప్పే సంగతి. నేను ఊఁ కొట్టేదాన్ని గాని వినేదాన్ని కాదు.

"గుడ్డ ఎక్కువైతే లోపలికి మడుస్తావు, తక్కువైతే కుట్టు ఇప్పుతావు. ఇనుముకి ఏటి ఇప్పుతావే?" అనేవాడు.

"మీ ఇనుము కట్టుకుని ఎవరూ పేరంటాలకి వెళ్ళరు కదండీ. మా కష్టం మీకేం తెలుసు?" అనేదాన్ని.

మా నాన్న పోర్టు ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. మా ఆయన వాళ్ళది విజయనగరం అవతల పల్లె, వ్యవసాయం. ఆయన 'నేను'ని 'నాను' అంటే నేను నవ్వేదాన్ని. నా 'అండీ'లు విని వాళ్ళ వాళ్ళు నవ్వేవారు. మా ఇంట్లో మాటామాటా పెరగడం రోజూ ఉండేదే గాని, ఒక్క విషయంలో మాత్రం ఆయన గొంతు లేచేది కాదు, ఒట్టి చూపు చూసేవాడు. వెర్నియర్ పెట్టె ఎవరైనా కదిపితే.

చెక్కపెట్టెలో పడుకోబెట్టి ఉండేది అది. పని నేర్చుకునే రోజుల్లో కొనుక్కున్నాడట. ఉక్కు స్కేలు, దానికి కదలని దవడ ఒకటి, స్కేలు మీద జారే దవడ ఒకటి. కొలవాల్సిన వస్తువుని ఆ రెండింటి మధ్య పట్టి బిగించి, గీతలు చదవాలి. స్కేలు మీద గీతలు, జారే దాని మీద ఇంకా సన్న గీతలు. నా బంగారం బీరువాలో ఉందో లేదో ఏ రోజూ అడగని మనిషి, ఆ పెట్టె మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోకుండా నిద్రపోయేవాడు కాదు.

ఒక వేసవిలో ఆయన దాన్నే తిట్టడం మొదలుపెట్టాడు. "గీతలు అరిగిపోనాయే. వంకర్లు పోతన్నాయి," అని. ఉక్కు మీద చెక్కిన గీతలు వంకర పోవడం ఏమిటని నాకు తట్టలేదు. ఆయనకి షుగరుంది. మాత్రలు గుర్తుంటే వేసుకునేవాడు, లేకపోతే లేదు. షెడ్డు పక్క కొట్లో టీ మాత్రం పంచదారతోనే. నేను అరిస్తే, "టీలో సెంచాడు పంచదారకి సచ్చిపోతామేటే?" అని నవ్వేసేవాడు. ఓ రోజు మంచినీళ్ళు గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పోశాడు. కళ్ళు నెత్తికెక్కాయా అని విసుక్కున్నాను. ఆ మాట ఇప్పుడు ఎవరు ఎవర్ని అన్నా నేను అక్కణ్ణుంచి లేచిపోతాను.

ఆ ఏడు దసరా వచ్చింది. దసరాకి ఆటోనగర్ చూడాలి. ఏ షెడ్డుకా షెడ్డు కడిగి, మిషన్లకి మామిడాకులు, బంతిపూల దండలు కట్టి, గుమ్మంలో బూడిద గుమ్మడికాయ పగలగొడతారు. ఆయుధపూజ నాడు పనిముట్టుని పనికి ముట్టరు. లేత్‌కి పసుపు, కుంకుమ నేను పెట్టేదాన్ని. వెర్నియర్‌కి మాత్రం ఆయనే పెట్టాలి. పసుపు, గంధం ముద్దగా కలిపి, వేలితో తీసి, ఒక్కో దవడ మీద ఒక్కో బొట్టు పెట్టి, దాని మీద కుంకుమ అద్ది, పీట మీద పెట్టి దణ్ణం పెట్టుకునేవాడు. ఆ సాయంత్రానికి అది ఎండిపోయేది. మళ్ళీ పనిలోకి దిగేటప్పుడు కాటన్ వేస్టు నూలుపోగులతో తుడిచేసేవాడు.

పండగయ్యాక పని మొదలుపెట్టిన పొద్దున, మిషనుకి కట్టిన దండలు తీసేద్దామని నేనూ షెడ్డుకి వెళ్ళాను. ఆయన వెర్నియర్ తుడిచి, దవడలు రెండూ మూసి, గుమ్మంలో వెలుతురుకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. తల ఊపి లోపలికి వెళ్ళాడు. ఆ రోజు పని కొత్త సైజు షాఫ్టులు. పోర్టు పని తెచ్చే కాంట్రాక్టరు తొందరగా కావాలన్నాడు.

కాంట్రాక్టరు ఆ షాఫ్టులన్నీ ఆటోలో వేసుకుని వెనక్కి తెచ్చినప్పుడు నేను అన్నం క్యారేజీతో అక్కడే ఉన్నాను. కాంట్రాక్టరు అరవలేదు. అరిచినా బావుండేది.

"ఇదేటి బావా? నువ్వు సేసిన పనేనా ఇది?" అని బేరింగు తీసి షాఫ్టు చివరికి తొడిగాడు. దెబ్బకొట్టి ఎక్కించాల్సిన బేరింగు, చిక్కిపోయిన చేతికి గాజులాగా జారిపోయి గలగలమంది.

"కొలత సరిగ్గానే ఉన్నాది బావా, నువ్వే సూడు," అని మా ఆయన వెర్నియర్ అందించాడు.

కాంట్రాక్టరు దవడలు మూసి, వెలుతురుకి పెట్టి చూశాడు. తర్వాత లోపలి అంచుని గోటితో గీకాడు. పసుప్పచ్చటి పొలుసు ఊడి కింద పడింది.

"సున్నా సూసుకోనేదా బావా?" అన్నాడు మెల్లగా.

నాకు అప్పటికి వెర్నియర్ గురించి ఏమీ తెలియదు. తర్వాత తెలిసింది. దవడలు పూర్తిగా మూస్తే పై స్కేలు సున్నా, కింది స్కేలు సున్నా ఎదురెదురుగా వచ్చి ఒకే గీతలా నిలబడాలి. పనికి దిగే ముందు ఏ టర్నరైనా మొదట చూసుకునేది అదే. దవడల మధ్య పసుపు పొర ఎండి ఉండిపోతే, సున్నా పక్కకి జరుగుతుంది. ఆ పొర మందం కూడా ప్రతి కొలతలో కలుస్తుంది. షాఫ్టు ఇంకా లావుగానే ఉందనుకుని మనిషి ఇంకాస్త కోసేస్తాడు.

మా ఆయన వెర్నియర్ వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆయన సున్నా చూశాడు. గుమ్మంలో నిలబడి చూడడం నేను కళ్ళారా చూశాను. చూశాడు గాని ఆయనకి కనపడలేదు.

ఇంటికొచ్చాక నిలదీశాను. ఏడిపించినంత పని చేశాను. అప్పుడు చెప్పాడు. కొన్నాళ్ళుగా గీతలు తెలియడం లేదట. పాత పనుల్లో బాగా కుదిరిన ముక్క ఒకటి పక్కన పెట్టుకుని, వెర్నియర్‌ని దానికి బిగించి, కొత్తది కూడా అంతే బిగువుగా దూరుతోందా లేదా అని చేత్తో పోల్చుకుని చేసేవాడట. ఈసారి కొత్త సైజు. పోల్చుకోవడానికి పాత ముక్క లేదు.

"ఎందుకు చెప్పలేదండీ నాకు?"

"సెప్తే షెడ్డుకి పంపవు కదే," అన్నాడు.

కంటాసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. ఓపిగ్గా చెప్పింది. షుగరు కంటి వెనక పొరని దెబ్బ తీసిందట. సరిగ్గా చూపు నడిమధ్యన నీరు చేరిందట. తిన్నని గీతలు వంకరగా కనపడడం దానివల్లేనట. కంట్లోకి ఇంజెక్షన్లు ఇచ్చి మిగిలింది కాపాడడానికి చూస్తారట, పోయింది మాత్రం రాదట. నేను పది ప్రశ్నలు అడిగాను. ఆయన ఒకటే అడిగాడు.

"మిషను మీద నిలబడొచ్చా అమ్మా?"

"తిరిగే మిషన్ల దగ్గరికి వెళ్ళకపోవడమే మంచిదండీ," అంది.

గాజువాక బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. షీలానగర్ దాటాక అన్నాడు, "అయితే గీతలు అరగనేదన్నమాట." నేను బస్సులోనే ఏడ్చేశాను. పక్క సీటామె నీళ్ళ సీసా ఇచ్చింది.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. టీ కొట్టువాడి మీద, పంచదార మీద, దేవుడి మీద, ఆ చిన్న డాక్టరమ్మ మీద కూడా. ఆ మనిషికి మిషను తప్ప ఇంకో లోకం లేదు. పేకాట తెలీదు, సినిమా తెలీదు, పండక్కి రుషికొండ తీసుకెళ్తే సముద్రం ముందు నిలబడి కూడా వాచీ చూసుకునేవాడు. మిషను దించేస్తే ఈయన ఇంట్లో కూర్చుని ఏమైపోతాడని నా భయం. కళ్ళే కదా పోయింది, చేతులున్నాయి, చెవులున్నాయి, ఇనుము కోసే చప్పుడు విని టూలు అరిగిందో లేదో చెప్పే మనిషి అని నాకు నేనే వాదించుకున్నాను. కళ్ళు నావి పెడితే సరిపోతుంది కదా!

ముందు మా అమ్మాయి, రుషికొండ దగ్గర ఆఫీసులో పనిచేస్తుంది, అంకెలు కనపడే డిజిటల్ వెర్నియర్ కొని తెచ్చింది. మురిసిపోయాడు. కొన్నాళ్ళు నడిచింది. తర్వాత దానిమీద మూడుని ఎనిమిదిగా చదివాడు. ఆ రోజే దాన్ని మూసి పక్కన పెట్టి, చెక్కపెట్టె తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వు సదువు. తెర మీద అంకె కాదు, గీత సదువు. అంకె అది సెప్తాది. గీత మనిషి సూడాల."

ఇన్నేళ్ళలో ఆ పెట్టె నా చేతికి రావడం అదే మొదలు.

వీధి అరుగు మీద కూర్చోబెట్టి నేర్పాడు. అప్పడాల కర్ర తెమ్మని, దాన్ని దవడల మధ్య పట్టి, బిగించి, నా చేతికిచ్చాడు.

"కింద స్కేలు సున్నా ఎక్కడ ఆగినాది?"

"ముప్పై ఒకటి దాటిందండీ. ముప్పై రెండు రాలేదు."

"అయితే ముప్పై ఒకటి పక్కనెట్టుకో. ఇప్పుడు కింద గీతల్లో ఏది పై గీతకి ఎదురుగా తిన్నగా నిలబడ్డాదో సూడు."

నాకు మూడు గీతలు ఒకేసారి తిన్నగా నిలబడినట్టు కనపడేవి. చెప్తే నవ్వాడు. "అటు పక్కది అటు ఒరుగుతాది, ఇటు పక్కది ఇటు ఒరుగుతాది. మజ్జిన ఏ పక్కకీ ఒరగకుండా ఉన్నాదే, అదే." పద్దెనిమిదో గీత అన్నాను. ఒక్కో గీత మిల్లీమీటరులో యాభయ్యో వంతట. పద్దెనిమిది గీతలకి పాయింటు ముప్పై ఆరు. మా అప్పడాల కర్ర ముప్పై ఒకటి పాయింటు ముప్పై ఆరు! ఇన్నేళ్ళు దాంతో చపాతీలు ఒత్తాను గాని దానికో కొలత ఉందని నాకేం తెలుసు.

"కంటికి ఎదురుగా పెట్టి సూసేవా? పక్కనుంచి సూస్తే పక్క గీత కలిసినట్టు అబద్దం సెప్తాది."

"చూశానండీ. ఎన్నిసార్లు అడుగుతారు?" అని కసిరాను. ఆయన నవ్వి, "అయితే కానీ," అన్నాడు.

ఆ తర్వాత నేను జాకెట్లు పొద్దున్నే కుట్టేసుకుని, ఆయనతో షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన మిషను ఆపి, షాఫ్టుని బొటనవేలితో తడిమి, వెర్నియర్ తనే పెట్టి, తనే బిగించి, "సదువు," అనేవాడు. నేను ముందు సున్నా చూసి, తర్వాత గీత చదివేదాన్ని. టూలుని ముందుకు జరిపే చక్రం మీది గీతలూ నేనే చదివేదాన్ని. నేను కొలత చెప్పగానే ఆయన ఒకసారి మనసులో లెక్క కట్టుకుని, "అయితే కానీ," అని మిషను ఆన్ చేసేవాడు. ఆ మాట నాతో అనేవాడో, మిషనుతో అనేవాడో తెలీదు.

పక్క షెడ్డు వెల్డింగాయన మా ఆయన్ని బావా అని, నన్ను అప్పా, అంటే అక్కా, అని పిలిచేవాడు. "ఏటప్పా, మేస్త్రివైపోనావా? మాకూ ఓ పని సూడు," అని గుమ్మంలో నిలబడి ఏడిపించేవాడు. "ముందు నీ చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకో, తర్వాత చూద్దాం," అనేదాన్ని. చెప్తే సిగ్గు గాని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు పక్కపక్కన నిలబడింది అప్పుడే. చీరలకి ఆయిలు వాసన పట్టేది. ఎంత ఉతికినా పోయేది కాదు. పోకపోయినా నాకు బాధ లేకపోయింది.

ఇంజెక్షన్లు అనుకున్నంత పని చెయ్యలేదు. నా మొహం కూడా మసకగా ఉందని ఓ రోజు మామూలుగా చెప్పాడు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. అయినా పని ఆగలేదు. పని ఆగనంతకాలం మాకు ఏమీ కానట్టే ఉండేది.

మళ్ళీ దసరా దగ్గరికొచ్చింది. ఆ పాత కాంట్రాక్టరే, జాలిపడి ఇచ్చాడో నమ్మి ఇచ్చాడో, ఒక షాఫ్టు తెచ్చిచ్చాడు. బేరింగు కూచునే చోట నలభై మిల్లీమీటర్లకి రావాలి. మా ఆయన పొద్దుటి నుంచీ దానిమీదే ఉన్నాడు. ఆఖరి కోతకి వచ్చాం. చక్రం ఏ గీత దాకా తిప్పాలో నేను చెప్పాను. ఆయన తిప్పాడు. ఆగమన్నాను. ఆగాడు. కోత నడిచింది, చప్పుడు బాగానే ఉంది. మిషను ఆపి, తుడిచి, వెర్నియర్ పెట్టి బిగించి, "సదువు," అన్నాడు.

సున్నా ముప్పై తొమ్మిది దాటి ఆగింది. నలభై దాకా రాలేదు. నేను మళ్ళీ చూశాను. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను.

"ముప్పై తొమ్మిది పాయింటు ఎనభై ఎనిమిదండీ."

"నలభై కదే రావాల."

"అవునండీ."

"మళ్ళీ సూడు. కంటికి ఎదురుగా పెట్టి సూసేవా?"

"చూశానండీ."

"సున్నా సూడు."

దవడలు నా చీర కొంగుతో తుడిచాను. మూశాను. గుమ్మంలోకి వెళ్ళి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను, ఆయన పట్టుకునేవాడే, అలాగే. ఎక్కడో ఓ చోట ఇంత పసుపు పొలుసు అతుక్కుని ఉండకూడదా, తల్లీ, అని అమ్మవారిని వేడుకున్నాను. లోపలి అంచుని గోటితో గీకి చూశాను కూడా. ఏమీ లేదు. ఉక్కు శుభ్రంగా మెరుస్తోంది. సున్నా ఎదురుగా సున్నా, ఒకటే గీతలా ఉంది.

నలభై అని ఒక్క మాట అంటే ఆ పూట గడిచిపోయేది. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ మనిషికి మిగిలిన చూపు నేను ఒక్కదాన్నే. అదీ అబద్ధమైతే ఇంకేం ఉంది?

"సున్నా కలిసిందండీ," అన్నాను.

ఆయన కుడిచెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది. ఆ చేతిని తీసి, వేళ్ళ చివర్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. మళ్ళీ చక్రాన్ని పట్టుకుని, వదిలాడు.

"కోత మజ్జిన సెక్రం జరిగినాదే. నా సెయ్యే జరిపీసినాది. జరిగినట్టు తెలీనేదు. కొన్నాళ్ళబట్టీ ఏలికొసలు మొద్దుగుంటన్నాయి."

కళ్ళే కదా పోయింది, చేతులున్నాయి అనుకున్నాను నేను. షుగరు ఆ చేతుల్ని కూడా వదల్లేదు. నాకు చెప్పలేదు. చెప్తే షెడ్డుకి పంపనని.

గోడ తడుముకుంటూ వెళ్ళి మెయిన్ స్విచ్చి ఆపేశాడు. మిషను ముందు నిలబడి, దాని తల మీద చెయ్యి వేసి, ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. వెల్డింగాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గాని, ఆ రోజు ఏడిపించలేదు. "బావని నాను దింపుతాను అప్పా, నువ్వెనక ఆటోలో రా," అని బండి తీశాడు.

లేత్‌ని పెందుర్తి అవతల షెడ్డు పెట్టుకున్న వాళ్ళెవరో తీసుకెళ్ళారు. దాన్ని లారీ ఎక్కించే రోజు ఆయన రానన్నాడు. నేను వెళ్ళి, బొట్టు పెట్టి పంపించాను. ఆ దసరాకి వెర్నియర్‌ని ఇంట్లో, నా కుట్టుమిషను పక్కన పీట మీద పెట్టాం. పసుపు ముద్ద కలిపి ఆయన చేతికి ఇవ్వబోతే వద్దన్నాడు. "నువ్వే ఎట్టు. పెట్టి మీద ఎట్టు, దవడల మీద ఒద్దు," అన్నాడు. చెక్క మూత మీద పెట్టాను. పెట్టె ఇంకా మా బీరువా మీదే ఉంది. అమ్మేద్దామా అని ఎవరూ అనలేదు.

మాత్రలు సరిపోక డాక్టర్లు ఇన్సులిన్ పెట్టారు. సిరంజి మీద కూడా గీతలే, సన్నగా, నల్లగా. పొద్దున్నే కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టుకుని మందు తీస్తాను. ఆయన మంచం అంచున కూర్చుని, చప్పుడు వింటూ ఉంటాడు.

"ఏ గీత?"

"పద్నాలుగండీ."

"కంటికి ఎదురుగా పెట్టి సూసేవా?"

"చూశానండీ."

"అయితే కానీ," అని బనీను పైకి ఎత్తుకుని, సూది కనపడకపోయినా, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు.